మిగతా పదకొండు

మా వదిన దగ్గర ఇరవై నాలుగు రంగు పెన్సిళ్ళు ఉండేవి. పిల్లల బొమ్మల కోసం కాదు, ఉద్యోగం కోసం. ఊరి మంచినీటి సరఫరా ఆఫీసులో కంట్రోల్ రూము అని ఒక గది ఉంది. ఊళ్ళో నలభై ఎనిమిది చోట్ల నీళ్ళ ఒత్తిడి ఎంతుందో, ఆ నీళ్ళలో క్లోరిన్ ఎంత మిగిలిందో అక్కడి మనుషులు ఫోను చేసి చెప్పేవాళ్ళు. వదిన రాసుకునేది. తర్వాత గోడకు బిగించిన గళ్ళ కాగితం మీద, ఒత్తిడికి పైసగంలో, క్లోరిన్‌కు కిందిసగంలో ఒక్కో చుక్క పెట్టి, దాన్ని అంతకుముందు చుక్కతో కలిపేది. ఒక్కో పెన్సిలుకు ఒక నిండు గీత, ఒక చుక్కల గీత. అలా ఇరవై నాలుగు రంగులతో నలభై ఎనిమిది చోట్లూ గోడ మీదికి ఎక్కేవి.

ఆ గళ్ళ కాగితం అచ్చువేసి ఇచ్చేది నేను. మా అచ్చాఫీసుకు నీటి ఆఫీసు పాత ఖాతాదారు. కోపం నా ముక్కు మీదే ఉంటుందని ఇంట్లో అంటారు. ఉంటే ఉండనివ్వండి. ఈ సంగతి కోపం రాకుండా చెప్పగలిగినవాడెవడైనా ఉంటే అతనికి ముక్కే లేదని నా అనుమానం.

వదిన ఇంటర్ తప్పి ఆ ఆఫీసులో ఫోను దగ్గర చేరింది. మొదట్లో అంకెలు పుస్తకంలో రాసి మూసేసేది. ఆరు నెలలు పోయాక ఒకరోజు మా ఇంటికొచ్చి, "మరిదీ, అంకెలు పొద్దున చూసినవి సాయంత్రానికి గుర్తుండట్లేదు. గీతయితే గుర్తుంటుంది. నాకు పెద్ద గళ్ళ కాగితం కావాలి" అంది. ఎంత పెద్దది అంటే రెండు చేతులూ చాచి చూపించింది. ఆ రెండు చేతులకు రెండింతలు, పన్నెండు అడుగుల కాగితం తయారైంది. గియ్యమని ఆమెకు ఎవరూ చెప్పలేదు, వద్దని కూడా ఎవరూ అనలేదు. ఇరవై మూడేళ్ళు గీసింది.

కొత్తవాళ్ళు చూస్తే అది చిక్కుపడ్డ దారపు ఉండలా ఉండేది. వదినకు మాత్రం ఊరంతా అందులో నడుస్తూ కనబడేది. బళ్ళు తెరిచిన రోజు ఏ గీత దిగుతుందో, సెలవుల్లో ఏది లేస్తుందో నోటికి చెప్పేది. ఒకసారి ఆకుపచ్చ నిండు గీత రోజూ మధ్యాహ్నం కాస్త వంగుతోందని పట్టుకుంది. మనుషుల్ని పంపి చూస్తే, అక్కడ కడుతున్న ఓ పెద్ద భవనంవాళ్ళు కూలీలు అన్నాలకు లేచిన వేళ చూసుకుని గొట్టానికి మోటారు బిగించి తొట్లు నింపుకుంటున్నారు. దొంగను పట్టింది పోలీసు కాదు, ఆకుపచ్చ పెన్సిలు. ఆఫీసులో ఆమె పేరు ఆనాటి నుంచి గీతలక్క.

నలభై ఎనిమిదింటిలో అన్నిటికన్నా దూరంగా ఉండేది చివరి ట్యాంకు. ఇటుకల బట్టీలు దాటాక రెండు వేల ఇళ్ళకు అదే ఆధారం. దాని గీత వంకాయరంగు, చుక్కల గీత. అక్కడ వాల్వులు తిప్పే పెద్దాయనను అందరూ బాబాయి అనేవాళ్ళం. ఆయన దగ్గర ఒక చిన్న గాజుగొట్టం, ఒక మందు సీసా ఉండేవి. గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్క వేస్తే, క్లోరిన్ ఉంటే నీళ్ళు గులాబిరంగుకు తిరుగుతాయి. లేకపోతే తెల్లగానే ఉండిపోతాయి. పొద్దున ఏడింటికి, సాయంత్రం అయిదింటికి గడియారం తప్పినా ఆయన ఫోను తప్పేది కాదు.

"గులాబి వచ్చింది తల్లీ. ముదురు గులాబి."

"ఎంత బాబాయ్? రంగు చెప్తే నేనెలా గియ్యను, అంకె చెప్పు."

"పాయింట్ నాలుగు వేసుకో. మీ పిన్ని నిన్ను అడిగానని చెప్పమంది."

పిన్ని అంటే ఆయన భార్య. మోకాళ్ళ నొప్పులతో గుమ్మం దాటేది కాదు. వదినను రెండుసార్లో మూడుసార్లో చూసి ఉంటుంది. అయినా ఇరవై ఏళ్ళుగా రోజుకు రెండు పూటలా అడుగుతూనే ఉంది.

ఇలా ఉండగా ఆఫీసుకు కొత్తగా ఒక పెద్దసారు వచ్చాడు. వచ్చిన మూడో నెలలో కంట్రోల్ రూముకు తెర వచ్చింది. గోడంత తెర. ఊళ్ళో సగం గొట్టాలు తుప్పుపట్టి, ఎక్కడ చూసినా కారుతుంటే, గదిలో మాత్రం గోడంత తెర. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని మనవాళ్ళు ఊరికే అనలేదు. తెర బిగించడానికి గోడ కావాలి కదా, వదిన కాగితాన్ని ఊడబెరికారు. మేకులు తీయకుండా లాగితే మధ్యలో చిరిగింది. వదిన ఆ చుట్టలన్నీ ఆటోలో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. మా అన్నయ్య దర్జీ. నెలకు నాలుగు మాటలు మాట్లాడితే ఎక్కువ. ఆ చుట్టలు చూసి "వెనకవైపు ఖాళీగా ఉంది, కొలతలు గీసుకుంటా" అన్నాడు. ఆ నెలకు ఆయన మాటలైపోయాయి.

నిజం చెప్పాలి. ఆ తెరను వదిన మెచ్చుకుంది. నేను తిడుతుంటే ఆమే ఆపింది.

"నీకు తెలీదు మరిదీ. చుక్క మీద వేలు పెడితే ఏడాది గీతంతా విచ్చుకుంటుంది. రెండు వేళ్ళతో లాగితే ఒక్క వీధే కనిపిస్తుంది. రెండు చోట్ల గీతలు ఒకదాని మీద ఒకటి పెట్టి పోల్చుకోవచ్చు. నేను ఇరవై మూడేళ్ళు మెడ వంచి చేసింది అది రెప్పపాటులో చేస్తోంది."

తెర అమ్మిన కంపెనీ నుంచి ఒకాయన వచ్చి నాలుగు రోజులు నేర్పి వెళ్ళాడు. దాని గొప్పతనం ఆయన చెప్పిన మాటల్లోనే చెప్తాను. నలభై ఎనిమిది చోట్ల అంకెలు పావుగంటకోసారి వచ్చి పడుతుంటే మనిషి కన్ను తట్టుకోలేదు. అందుకని ఈ తెర చూసేవాళ్ళను గమనిస్తుంది. మీరు దేన్ని ఎక్కువగా తాకుతారో, దేన్ని విప్పి చూస్తారో నేర్చుకుంటుంది. మీకు కావలసినవాటిని పెద్ద గళ్ళుగా ముందుకు తెస్తుంది. మీరు పట్టించుకోనివాటిని చిన్నవి చేసి, చివరికి అన్నిటినీ కలిపి ఒక మూల 'మిగతావి' అనే ఒకే గడిలో పెడుతుంది. ఆ గడిని తాకితే మళ్ళీ విడిపోతాయి. అంటే అది తనను తాకే వేలిని బట్టి మారిపోయే తెర.

"బాగానే ఉందండీ, మరి ఎవరూ తాకకపోతే?" అని వదిన అడిగిందట.

"తాకకుండా ఎందుకుంటారమ్మా! తాకడానికే కదా పెట్టింది" అని ఆయన నవ్వాడట. పాపం, ఆయనకు మా పెద్దసారు సంగతి తెలియదు.

రెండో వారంలో ఎవరో పెద్దమనుషులు తెర చూడటానికి వచ్చారు. ఆ సమయానికి తెర మీద నూనె వేలిముద్ర ఒకటి ఉంది. షిఫ్టులో ఉన్నవాళ్ళెవరో తిన్న చేత్తో తాకారు. పెద్దసారుకు తల కొట్టేసినట్టయింది. వెంటనే మా అచ్చాఫీసుకు ఒక కాగితం వచ్చింది. 'తెరను సిబ్బంది ముట్టుకోరాదు. అతిక్రమించినవారిపై చర్య తీసుకోబడును.' అట్ట మీద, పెద్ద అక్షరాల్లో, రెండు ప్రతులు. అక్షరాలు నేనే కూర్చాను. అచ్చుకు ముందు సరిచూడమని ప్రూఫు పంపితే 'రాదు' కింద గీత పెట్టమని దిద్ది, సంతకం చేసి పంపాడు. చెయ్యి తగిలితే పనిచేసే వస్తువును లక్షలు పోసి కొని, చెయ్యి తగలకూడదని పక్కనే అట్ట అతికించిన మనిషిని నేను అంతకుముందు చూడలేదు. అప్పుడు నవ్వుకున్నాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆ రోజు నుంచి తెరను తాకే వేలు ఊళ్ళో ఒక్కటే, పెద్దసారుది. రోజూ పదింటికి వచ్చి, ఎవరైనా అతిథులుంటే వాళ్ళకు చూపిస్తూ గంటసేపు తాకేవాడు. ఏం తాకేవాడు? అధికారుల క్వార్టర్ల వీధి. పెద్దాసుపత్రి. ఆఫీసు ముందు ఎగిరే నీళ్ళ ఫౌంటెను, అది చూస్తే వచ్చినవాళ్ళు సంబరపడతారని. తెరకు వేరే గురువు లేడు కదా, ఆ ఒక్క వేలి దగ్గరే చదువుకుంది. రెండు నెలల్లో ఫౌంటెను గడి భోజనం బల్లంత అయింది. ఆరు నెలలకు ఊరి అంచుల్లోని పదకొండు చోట్లు ఒక మూలకు వెళ్ళి ఒకే గడిలో పడ్డాయి. అగ్గిపెట్టెంత గడి. లోపల 'మిగతావి: 11' అని ఉండేది. ఆ పదకొండులో చివరి ట్యాంకు ఒకటి.

ఆ గడికి ఒకే రంగు, పదకొండింటి సగటు రంగు. క్లోరిన్ పాయింట్ రెండు దాటితే పచ్చ, దాటకపోతే ఎరుపు.

అంకెలు యంత్రమే పంపుతోంది కాబట్టి ఇక ఫోన్లు చెయ్యొద్దన్నారు. బాబాయి గాజుగొట్టం, మందు సీసా కూడా స్టోరుకు అప్పజెప్పమన్నారు. ఆయన అప్పజెప్పి రసీదు తీసుకున్నాడు. ఫోను మాత్రం కొన్నాళ్ళు చేస్తూనే ఉన్నాడు, పిన్ని అడగమందని. తర్వాత లైను బిజీగా ఉంచుతున్నారని మందలించారు. దాంతో అదీ ఆగిపోయింది.

ఏడో నెలలో ఒక పొద్దున బాబాయి స్వయంగా కంట్రోల్ రూముకు వచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి నిలబడ్డాడు.

"తల్లీ, నీళ్ళు వాసనొస్తున్నాయి. కాలవ వాసన. క్లోరిన్ కలిపే మోటారు చప్పుడు కూడా వినబడట్లేదు. ఒక్కసారి చూడు."

వదిన తెర వైపు చూసింది. మూల ఉన్న గడి పచ్చగా ఉంది. పక్కన గోడకు అట్ట అతికించి ఉంది.

"ఇక్కడ పచ్చగానే ఉంది బాబాయ్."

"అంతేనంటావా?"

"సారుతో చెప్తాలే. నువ్వు కంగారుపడకు."

ఆమె చెప్పింది. పెద్దసారు కుర్చీలోంచి లేవకుండానే గోడ వైపు చెయ్యి ఊపాడు. "పచ్చగా ఉంది కదమ్మా? ముసలాయన ముక్కును నమ్మాలా, మిషన్ను నమ్మాలా?" అన్నాడు. పైగా చెప్పులు విప్పి వచ్చినవాడి ముఖాన్నే, మళ్ళీ ఇలా పని వదిలి తిరిగితే మెమో ఇస్తానన్నాడు. బాబాయి వెళ్ళిపోయాడు.

జరిగింది ఇది. చివరి ట్యాంకు దగ్గర క్లోరిన్ కలిపే చిన్న మోటారు కాలిపోయింది. ఆ దారిలోనే గొట్టం ఒకచోట పగిలి మురుగు కలిసింది. యంత్రం అబద్ధం చెప్పలేదు. పావుగంటకోసారి సున్నా, సున్నా, సున్నా అని పంపుతూనే ఉంది. తొమ్మిది రోజులు పంపింది. కానీ ఆ సున్నా మిగతా పది మంచి అంకెలతో కలిసి సగటైపోయింది. పదింటికి పాయింట్ నాలుగు, ఒకదానికి సున్నా. మొత్తాన్ని పదకొండుతో భాగించండి. పాయింట్ మూడు దాటుతుంది. పచ్చ.

తొమ్మిదో రోజుకు ఇటుకల బట్టీల అవతల వీధుల నుంచి నలభై ముగ్గురు ఆసుపత్రిలో చేరారు. వాంతులు, విరేచనాలు. నలభై ఇద్దరు ఇంటికి వచ్చారు. రాని మనిషి పిన్ని.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కూడా కాదు ఇది, కాలిన చేతులను పక్కవాళ్ళకు తుడవడం. పదో రోజున వదినకు కాగితం అందింది. 'చివరి ట్యాంకు క్లోరిన్ సున్నా అని తొమ్మిది రోజులుగా తెర మీద లభ్యమై ఉండగా, విధుల్లో ఉన్న మీరు చూడక నిర్లక్ష్యం చేసినందున' అని మొదలుపెట్టి సస్పెండ్ చేశారు. విచారణలో తప్పు ఆమెదని తేలితే ఉద్యోగం పోతుంది. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగం. అది ఒక ఎత్తు. నలభై మందిని మంచాన పడేసి ఒక మనిషిని చంపిన గీతలక్క అని ఊరు జీవితాంతం చెప్పుకోవడం ఇంకొక ఎత్తు. లభ్యమై ఉండగా అట! బీరువాలో దాచి తాళం వేసి, తాళం జేబులో వేసుకుని, అన్నం ఇంట్లోనే ఉంది కదా తినలేదేం అన్నట్టుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

వదిన ఇంటికి పరిగెత్తాను. నేను వెళ్ళేసరికి నేల మీద పాత చుట్ట ఒకటి పరుచుకుని కూర్చుంది. వెనక అన్నయ్య గీసుకున్న జాకెట్టు చేతులు, ముందు వంకాయరంగు చుక్కల గీత.

"ఈ గీత సున్నాకు పడితే నేను గోడ దగ్గరికి వెళ్ళక ముందే కనబడేది. గుమ్మంలోంచే కనబడేది" అంది.

"అదే చెప్పు విచారణలో. ముట్టుకోవద్దన్నారని చెప్పు."

"ఆ అట్ట తీసేశారు మరిదీ. నిన్న మా షిఫ్టు ఆయన ఫోను చేశాడు. గోడ మీద జిగురు మరకలే ఉన్నాయట. అలాంటి అట్టే లేదంటున్నారట. మిగతావాళ్ళకూ ఉద్యోగాలు కావాలి కదా, ఎవరూ నోరు విప్పరు."

నేను లేచి నిలబడ్డాను. నాకు పని నేర్పిన ముసలి కంపోజిటరు చెవి మెలిపెట్టి నేర్పిన పాఠం ఒకటుంది. అచ్చయిన కాగితం పోతే పోనీ, సంతకం చేసిన ప్రూఫును మాత్రం చచ్చినా పారెయ్యకు. రేపు తప్పు ఎవరిదన్న మాట వస్తే నీ మెడ కాపాడేది అదే. మా అచ్చాఫీసులో అటక మీద పదేళ్ళ ప్రూఫులు తీగకు గుచ్చి ఉంటాయి. ఎలుకలు, బొద్దింకలు తినగా మిగిలినవాటిలో మధ్యాహ్నమంతా వెతికాను. దొరికింది. 'రాదు' కింద ఎర్ర సిరా గీత, పక్కన 'ఇలా మార్చి అచ్చువేయవచ్చు' అని పెద్దసారు చేతిరాత, సంతకం, తేదీ.

విచారణకు వేరే ఊరి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అందరం మేడమ్ అన్నాం. వదిన తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చన్నారు, నేను వెళ్ళాను. పెద్దసారు గదిలో నాలుగు కుర్చీలు, బిస్కెట్లు సిద్ధంగా ఉన్నాయి. వదిన కూర్చోలేదు.

"ఇక్కడ కాదండీ. తెర ముందు కూర్చుని అడగండి, చెప్తాను" అంది.

అందరం కంట్రోల్ రూముకు వెళ్ళాం. కంపెనీ ఆయనను కూడా పిలిపించారు. పెద్దసారు హుషారుగా తెర దగ్గరికి వెళ్ళి 'మిగతావి' గడిని తాకాడు, విడిపోయిన దాన్ని మళ్ళీ తాకాడు, మూడోసారి తాకాడు. చివరి ట్యాంకు గీత వచ్చింది. ఆ తొమ్మిది రోజులు నేలకు అంటుకుని ఉంది.

"చూశారా మేడమ్? మూడంటే మూడుసార్లు. చంటిపిల్లలు కూడా చేస్తారు. ఈవిడకి వేలు కదపడానికి బద్ధకం."

మేడమ్ వదిన వైపు తిరిగింది. "ఎందుకు తాకలేదమ్మా?"

"తాకకూడదన్నారండి."

"ఎవరన్నారు?" అని గర్జించాడు పెద్దసారు. "నేనెప్పుడన్నాను? తెర పెట్టిందే తాకడానికి!"

మేడమ్ గోడ మీద నాలుగు మూలల జిగురు మరకలు చూసింది. "ఇక్కడ ఏదైనా ఉండేదా?" అని మామూలుగానే అడిగింది.

"నేను తీయించలేదండీ" అన్నాడు పెద్దసారు.

తీయించావని ఎవరన్నారయ్యా? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం సామెతల్లో చదివాను గానీ, కళ్ళారా చూడటం అదే. నేను సంచీలోంచి ప్రూఫు తీసి బల్ల మీద పెట్టాను. మేడమ్ చదివింది. సంతకం చూసింది. తేదీ చూసింది. పెద్దసారు ముఖం చూసింది. పెద్దసారు మాత్రం ఫౌంటెను గడి చూస్తున్నాడు.

"అది... అది నూనె చేతులతో అని నా ఉద్దేశం."

"నూనె అని ఇక్కడ ఎక్కడా లేదండీ. అక్షరాలు కూర్చింది నేనే" అన్నాను. నా గొంతు ఎక్కువే లేచింది. వదిన మోచేత్తో పొడిచింది.

అప్పుడు వదిన కంపెనీ ఆయనను అడిగింది. "ఇది తాకినవాళ్ళ దగ్గర నేర్చుకుంటుందన్నారు కదండీ. ఎప్పుడెప్పుడు తాకారో దాని దగ్గర రాసి ఉంటుందా?"

ఉంటుందన్నాడు. తీశాడు. నీళ్ళ గొడవ బయటపడ్డ రోజు దాకా ఏడు నెలల తాకుళ్ళు వరసగా వచ్చాయి. అన్నీ పొద్దున పదికీ పదకొండుకీ మధ్యే. మొదటి రెండు వారాలు తప్పితే మధ్యాహ్నం లేదు, సాయంత్రం లేదు. ఎక్కువసార్లు తాకింది ఫౌంటెను. చివరి ట్యాంకును ఆఖరుసారి తాకింది, తెర బిగించిన వారంలో, వదిన.

"దీన్ని మొదటిరోజు ఎలా ఉందో అలా చేసి, ఆ తొమ్మిది రోజులు చూపించండి" అంది వదిన.

కంపెనీ ఆయన ఏదో నొక్కాడు. భోజనం బల్లంత ఫౌంటెను ముడుచుకుపోయింది. నలభై ఎనిమిది గళ్ళు, అన్నీ ఒకే కొలతలో వరసగా వచ్చి నిలబడ్డాయి. నలభై ఏడు పచ్చ. ఒకటి ఎరుపు. గుమ్మంలో నిలబడ్డ బంట్రోతుకు కూడా కనబడింది.

అక్కడితో ఆగి ఉంటే వదిన గెలిచినట్టే. నేను లేవబోతున్నాను కూడా. ఆమె లేవలేదు.

"అమ్మా, ఇంకొకటి కూడా రాసుకోండి. బాబాయి వచ్చి వాసనొస్తోందన్నాడు. నేను పచ్చగా ఉందన్నాను. ముట్టుకోవద్దన్నది నిజం, సారుతో చెప్పానన్నదీ నిజం. కానీ ఇరవై మూడేళ్ళు ఆయన మాట విని గీత గీసినదాన్ని. ఆ రోజు ఆయన మాట పక్కనబెట్టి గోడను నమ్మాను. అట్ట ఉంటే ఉందని ఆ గడిని ఒక్కసారి తాకి ఉండాల్సింది. అది కూడా రాయండి."

నాకు ఆమె మీద వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. బయటికి రాగానే అరిచాను. "నీకు మతి ఉందా? ఉద్యోగం పోతే?"

"పిన్ని పోయింది కదా" అంది.

నెల గడిచింది. వదినను మళ్ళీ ఉద్యోగంలోకి తీసుకున్నారు. పెద్దసారుకు ఏమైందని అడుగుతారా? బదిలీ అయింది. ఇంతకన్నా పెద్ద ఊరికి. అక్కడ ఇంతకన్నా పెద్ద తెర కొంటున్నారట, ఇలాంటి తెర నడిపిన అనుభవం ఆయనకు ఉందట. ఈ ముక్క నేను రాయట్లేదు, పళ్ళు కొరుకుతున్నాను.

వదిన చేరిన రోజే కంపెనీ ఆయన చేత రెండు మార్పులు చేయించింది. మొదటిది, 'మిగతావి' గడికి సగటు రంగు వెయ్యకూడదు. అందులో అన్నిటికన్నా అధ్వానంగా ఉన్నదాని రంగు వెయ్యాలి. రెండోది, ఏ గడినైనా ఒక రోజంతా ఎవరూ తాకకపోతే అది చిన్నది కాకూడదు, పెద్దది కావాలి. "మనం చూడనిదాన్నే కదండీ అది మనకు గుర్తుచెయ్యాలి" అందట. ఆయన నోరు తెరిచి, రాసుకున్నాడట. బాబాయికి గాజుగొట్టం తిరిగి ఇప్పించింది. ఆయన ఏడింటికి ఫోను చేస్తున్నాడు. అంకె చెప్పి పెట్టేస్తున్నాడు. అడగమన్న మనిషి లేదు కదా.

పోయిన వారం విచారణ నివేదిక అచ్చుకు మా దగ్గరికే వచ్చింది. వదిన నిర్దోషి అన్న పేజీ రాగానే ప్రూఫు తీసి, ఆమెకు ఫోను చేశాను. డ్యూటీ దిగి సాయంత్రం వచ్చింది. ఆ పేజీ చేతికిచ్చాను. చదివిందో లేదో గానీ పక్కన పెట్టేసి, చివరి అనుబంధం తీసింది. అస్వస్థతకు గురైనవారి పట్టిక. ప్రాంతాలవారీగా ముప్పై ఏడు వరసలు, ప్రతి వరసలో సున్నా. ముప్పై ఎనిమిదో వరసలో 'ఇతర ప్రాంతాలు (11): అస్వస్థత 43, మరణం 1.'

"ఇది ఎవరు కూర్చారు?"

"వచ్చింది వచ్చినట్టు కూర్చాను వదినా. ఆఫీసువాళ్ళే అలా పంపారు. పేజీ మిగులుతుందని కలిపి ఉంటారు."

"నలభై ముగ్గుర్ని పదకొండుతో భాగించు."

భాగించాను. నలుగురు కూడా నిండరు.

"చూశావా? మళ్ళీ పచ్చే" అంది. ఆమె ముఖం ఎర్రబడటం నేను అప్పుడే చూశాను. విచారణలో కూడా అంత కోపం రాలేదు. సంచీలోంచి వంకాయరంగు పెన్సిలు తీసి ఆ వరసను నిలువునా కొట్టేసింది. పక్కన ఖాళీలో పదకొండు చోట్ల పేర్లూ తడుముకోకుండా వరసగా రాసింది. పదింటికి ఎదురుగా సున్నా, సున్నా. చివరిదానికి ఎదురుగా నలభై మూడు, ఒకటి.

"పది సున్నాలెందుకు వదినా? చివరి ట్యాంకు ఒక్కటీ విడిగా వేస్తే చాలదూ?"

"అన్నీ వెయ్యి. సున్నా కనబడకే కదా ఇంత జరిగింది."

అలాగే కూర్చాను. ఒప్పుకోకపోతే ఆఫీసువాళ్ళు ప్రూఫు వెనక్కి పంపుతారు. పంపనివ్వండి, మళ్ళీ అలాగే కూర్చి ఇస్తాను. దిద్దిన ఆ ప్రూఫు కింద వదిన చేత సంతకం చేయించి, తేదీ వేయించి, అటక మీద తీగకు గుచ్చాను.